రెండో నంబరు నీలం

మొన్న గురువారం పొద్దున నా ప్రింటింగ్ ప్రెస్సు షట్టరు ఎత్తుతుంటే బడంగ్‌పేట్ నుంచి ఒకాయన బైకు మీద వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. గుండు చేయించుకుని ఉన్నాడు. చంకలో రెండు అట్టల మధ్య కట్టిన పెద్ద కవరు. "మా మామ పోయిండన్నా. పన్నెండొద్దులైంది. ఇది మీకియ్యమని రాసి పెట్టిండు" అన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. చాయ్ తెప్పిస్తానంటే డ్యూటీకి టైమైందన్నాడు. కవరు మీద పెన్సిలుతో నా పేరు, దాని కింద గుండ్రటి గీతలో రెండు అంకె ఉన్నాయి. ఆ అంకె చూడగానే లోపల ఏముందో తెలిసిపోయింది.

కవరును టేబులు సొరుగులో పెట్టి తాళం వేశాను. మూడు రోజులు తీయలేదు. ఇంట్లో అమ్మకు కూడా చెప్పలేదు. చెప్పకపోవడం నాకు కొత్త కాదు, ఈ కథంతా అదే.

ఆ పోయినాయన పేరు ఇక్కడ రాయను. రంగు నమూనాల షేడ్ కార్డు మీద సంతకం తప్ప తన పేరు ఎక్కడా ఉండటం ఆయనకు నచ్చేది కాదు. మేమంతా సారు అనేవాళ్ళం. ఎయిర్‌పోర్టు మొదలైన మరుసటి ఏడు శంషాబాద్‌లో మా మిద్దె మీది గది కిరాయికి అడుగుతూ వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, భుజాన తెల్ల తువ్వాలు. కిరాయి ఎంతని అడగలేదు, నీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయని అడగలేదు. జేబులోంచి చిన్న దిక్సూచి తీసి అరచేతిలో పెట్టుకుని, కిటికీ సరిగ్గా ఉత్తరానికే ఉందా లేదా చూసుకున్నాడు. ఉందని తేలాక నవ్వాడు. వాస్తు పట్టింపు గలవాడని మా అమ్మ తెగ మెచ్చుకుంది. రెండేళ్ళ దాకా ఆమె అదే అనుకుంది.

సారుకు కావలసింది వాస్తు కాదు, ఉత్తరపు వెలుగు. అది రోజంతా ఒకేలా ఉంటుందట, ఎండ తన రంగును అందులో కలపదట. ముప్పై ఏళ్ళు బొంబాయి మిల్లుల్లో అద్దకం విభాగంలో పనిచేసి, వయసు మీదపడ్డాక ఇటు వచ్చి, కొత్తూరులో ఒక అద్దకం ఫ్యాక్టరీలో షేడ్ మాస్టరుగా చేరాడు. అద్దిన బట్ట నమూనా రంగుతో కలిసిందా లేదా అని కంటితో చూసి చెప్పడమే ఆయన ఉద్యోగం. ఆయన కాదంటే లారీ నిండా ఉన్న బట్ట లాటు మళ్ళీ తొట్టెల్లోకి పోవలసిందే. యజమాని ఎదురు చెప్పేవాడు కాదట.

కూరగాయలు కొనడానికి ఆయన వెంట పోతే నవ్వాగేది కాదు. సంతలో దుకాణాల వాళ్ళు పైన ఎర్ర టార్పాలిన్లు కడతారు కదా, వాటి కింద ఎంత పచ్చి టమాటా అయినా పండినట్టే కనబడుతుంది. సారు రెండు టమాటాలు చేతిలోకి తీసుకుని, రోడ్డు మధ్యకు నడిచి, ఆకాశం కింద నిలబడి చూసేవాడు. వెనక ఆటోవాళ్ళు హారన్లు కొట్టేవాళ్ళు. కూరగాయలమ్మే ఆమె మొదట్లో పైసలియ్యకుండా పోతున్నాడని కేకలేసేది, తర్వాత అలవాటు పడి తనే "బయటికి తీస్కపోయి చూస్కో సారూ" అనేది. ఆయన తెచ్చిన కూరల్లో ఒక్క పుచ్చు కూడా ఉండేది కాదని మా అమ్మ వాడకట్టంతా చెప్పేది.

రంగుల గురించి ఆయన నోట బాగుంది, బాగాలేదు అనే మాట నేను వినలేదు. ఎర్రకు మొగ్గింది, పచ్చకు మొగ్గింది, ఒక చిటికెడు ఎక్కువైంది అనేవాడు. నేను వెంచర్లకు బ్రోచర్లు అచ్చేస్తాను. మహేశ్వరం దిక్కు రాళ్ళూ తుమ్మలూ ఉన్న చెలకలో పచ్చిక పరిచి, పైన నిండు నీలం ఆకాశం అతికించి, ప్లాట్లమ్మేవాళ్ళకు ఇస్తాను. ఒకసారి ఆ బ్రోచరు సారు చేతిలో పడింది. చాలాసేపు చూసి, ఈ ఆకుపచ్చ ఏ ఊరిదని అడిగాడు. కంప్యూటర్‌దని చెప్పాను. తప్పు పట్టలేదు కానీ, ఆ కాగితాన్ని టేబులు మీద బోర్లా పెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ గదిలో మంచం, స్టవ్వు, బల్ల, కుర్చీ, రేడియో కాక ఆయనకున్న ఆస్తి ఒక రేకు పెట్టె. అందులో నాలుగు జపాను బొమ్మలు. నాలుగు కాదు, ఒకటే బొమ్మకు నాలుగు ముద్రలు. నదిలో పడవ, పడవలో గొడుగు పట్టుకుని కూర్చున్న ఒకామె, నీళ్ళలో ఒంటికాలి మీద ఒక కొంగ, పైన చాలా ఆకాశం. మొదటిది మిల్లుకు మిషన్లు బిగించడానికి వచ్చిన జపాను ఇంజనీరు వెళ్ళిపోతూ ఇచ్చాడట. మిగతా మూడూ బొంబాయిలో పాత సామాన్ల అంగళ్ళ చుట్టూ ఇరవై ఏళ్ళు తిరిగి సంపాదించాడు. దొరికిన వరుసలోనే వాటికి నంబర్లు వేసుకున్నాడు.

జపాను వాళ్ళు పాతకాలంలో బొమ్మను చెక్క మీద చెక్కి, ఒక్కో రంగుకు ఒక్కో చెక్క చేసుకుని, రంగు పూసి, తడి కాగితం పరిచి, వెనక నుంచి చేత్తో రుద్ది ముద్ర తీసేవారని ఆయనే చెప్పాడు. అవే చెక్కల నుంచి వందల ముద్రలు. కానీ ఆకాశంలో పైన ముదురుగా మొదలై కిందికి వచ్చేసరికి కాగితంలో కలిసిపోయే నీలం ఏ చెక్కలోనూ ఉండదు. ముద్ర ముద్రకూ పనివాడు తడిగుడ్డతో చెక్క మీది రంగును తుడిచి ఆ తేడా తెచ్చుకోవాలి. ఒకనాడు వాడి చెయ్యి బరువుగా పడుతుంది, ఒకనాడు తేలిగ్గా. అందుకే ఏ రెండు ముద్రలూ ఒకటి కావు. ఒకటో నంబరులో నీలం పై అంచునే ఆగిపోయి ఉంటుంది. మూడోదానిలో ఆకాశం ముదురు, ఆమె గొడుగు ఎరుపు మాత్రం ఇటుక రంగుకు దిగిపోయింది. నాలుగోది చెక్కలు అరిగాక తీసింది, కొంగ ముక్కు దగ్గర గీత విరిగి ఉంటుంది, ఆకాశం కొంచెం వంగపండుకు మొగ్గుతుంది. రెండోది ఆయన ప్రాణం. గీతలన్నీ పదునుగా ఉన్నాయి కాబట్టి నాలుగింటిలో అదే ముందు తీసినదని ఆయన నమ్మకం. దాని నీలం పువ్వు పసరు నుంచి తీసిన పాత రంగు. చాలా మెత్తనిది. పై నుంచి దిగి దిగి ఆమె గొడుగు దాకా వచ్చేది. ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూపించలేం. ఆ నీలం ఎప్పుడైనా అచ్చులో పట్టగలనా అనుకునేవాణ్ణి నేను.

ఆదివారం పొద్దున పది గంటలకు చూపు. అది ఆయన మాట. కిటికీ కింద బూడిదరంగు బట్ట పరిచిన బల్ల. ముందు అయిదు నిమిషాలు ఊరికే ఆ బట్టను చూడాలి. కన్ను కడుక్కోవడం అనేవాడు దాన్ని. రంగు చొక్కాతో బల్ల దగ్గరికి రానిచ్చేవాడు కాదు, చొక్కా రంగు కాగితం మీద పడుతుందని. నేను ఏ చొక్కాతో వచ్చినా తన తెల్ల తువ్వాలు నా మెడ చుట్టూ మంగలి కప్పినట్టు కప్పేవాడు. మా అమ్మ ఒకసారి ఎర్ర చీరతో చాయ్ తెస్తే చాలా మర్యాదగా గడప దగ్గరే ఆపేశాడు. నెత్తి మీంచి విమానం పోతే కిటికీ రెక్కలు అదిరేవి. అది పోయేదాకా రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి కళ్ళు మూసుకునేవాడు.

"ఒక్కటే చూస్తే కన్ను మోసపోతది తమ్మీ. రెండు పక్కపక్కన పెట్టు. అప్పుడు రంగు తానే చెప్తది" అనేవాడు. మనుషుల సంగతిలోనూ అదే పద్ధతి. మిల్లులో ఏ లాటైనా ఇద్దరు చూడాలట, ఒకరు రాసింది ఇంకొకరు చూడకుండా రాయాలట. ఒక్కో బొమ్మ కవరు వెనక ఒక చీటీ అతికించి ఉండేది. తారీకు, మొదటి కన్ను, రెండో కన్ను అని మూడు గడులు. పోయిన వారానికీ ఇవాళ్టికీ ఆ బొమ్మలో ఏదైనా తేడా వచ్చిందా అన్నది అందులో రాయాలి. ఆయన రాసి కాగితం మడిచేవాడు, మడత పక్కన నేను రాసేవాణ్ణి. మూడేళ్ళపాటు ఆయన రెండో కన్ను నేనే. మడత విప్పితే రెండూ కలిసినప్పుడు వేలి ముడితో బల్ల మీద రెండుసార్లు కొట్టి "పాస్" అనేవాడు. మొహం మీద ఇంత వెలుగు వచ్చేది. కలవనప్పుడు కోపం లేదు, మళ్ళీ చూసేవాళ్ళం. అప్పటికీ కలవకపోతే మిల్లు రివాజు ఒకటుంది, ముసలి కన్నును ముందు అనుమానించాలి. అప్పుడు తను రాసింది తనే కొట్టేసేవాడు. ఒకటి రెండుసార్లే అలా జరిగింది.

మూడో ఏడు ఏప్రిల్‌లో షోలాపూర్‌లో బంధువుల పెళ్ళని పదిరోజులు వెళ్ళాడు. గది తాళంచెవి మా అమ్మకు ఇచ్చాడు. ఎన్నడూ లేనిది ఆ తొందరలో రెండో నంబరు బొమ్మను పెట్టెలో పెట్టకుండా, అట్ట చట్రంతో సహా గోడకు ఆనించి బల్ల మీదే వదిలేశాడు. రెండో రోజే గాలిదుమారంతో వాన కొట్టింది. కొత్త ఇల్లే గానీ మా మేస్త్రీ పుణ్యమా అని ఆ గోడ చెమ్మ పీల్చింది. అమ్మ ఊడవడానికి పోయి, చట్రం ఉబ్బి, కాగితం అంచు తడిసి ఉండటం చూసింది. మా ఇళ్ళల్లో చెమ్మ తగిలినదానికి ఒకటే మందు. బొంత తడిసినా, కందులు తడిసినా, పిల్లల పుస్తకాలు తడిసినా మిద్దె మీద ఎండలో పెడతాం. ఆమె బొమ్మను చట్రంలోంచి తీసి, ఎండుమిరపకాయల పక్కన తెల్ల బట్ట మీద పరిచి, గాలికి ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టింది. సారు బొమ్మ మీద ఉన్న గౌరవం కొద్దీ రెండు రోజులు ఎండబెట్టింది.

రెండో రోజు నడిమధ్యాహ్నం ఏదో పనికి మిద్దె ఎక్కి చూశాను. బొమ్మలో ఆకాశం లేదు. గొడుగు పట్టుకున్న ఆమె, కొంగ, పడవ అన్నీ ఉన్నాయి. ఆకాశం ఉండవలసిన చోట పాలల్లో చాయ్ చుక్క కలిపినట్టు ఒక వెలిసిన రంగు ఉంది. మూడు రాళ్ళు కాగితం అంచు మీదే ఉన్నాయి, నాలుగోది కొంచెం లోపలికి జరిగి ఉంది. ఎత్తి చూస్తే దాని కింద చింతగింజంత మేర పాత నీలం అట్లాగే ఉంది.

ఆ రోజు ఆయనకు ఫోన్ చేసి చెప్తే అయిపోయేది. ఎన్నిసార్లు అనుకున్నానో ఈ మాట. ఫోన్ తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. అమ్మతో ఏమీ అనలేదు. తను తప్పు చేశానని తెలిస్తే ఆమె ఆ సాయంత్రమే ఫోన్‌లో చెప్పేసేది, ఆమె గుణం అది. ఆమె దృష్టిలో బొంత ఆరబెట్టినట్టు అదొక పని, అయిపోయింది, మర్చిపోయింది. నేను బొమ్మను ప్రెస్సుకు తీసుకుపోయాను. కటింగ్ మిషన్ మీద కొత్త అట్ట చట్రం కోశాను, ఆ చింతగింజంత నీలం కింద దాగిపోయేటట్టు అంచు ఒక వేలెడు ఎక్కువ పెట్టి. ఒక్కదానికే కోస్తే అనుమానం వస్తుందని నాలుగింటికీ కోశాను. నా జన్మలో అంత శుభ్రంగా ఏ పనీ చేయలేదు.

సారు తిరిగొచ్చి కొత్త చట్రాలు చూసి పొంగిపోయాడు. నా చెయ్యి పట్టుకుని, ముప్పై ఏళ్ళలో తన బొమ్మలకు ఎవరూ ఇంత చేయలేదన్నాడు.

ఆదివారం పది గంటలకు తువ్వాలు కప్పించుకుని కూర్చున్నాను. రెండో నంబరు తీశాడు. చూశాడు. చట్రాన్ని కిటికీ దగ్గరికి జరిపాడు, దూరం జరిపాడు. లేచి మొహం కడుక్కుని వచ్చాడు. కళ్ళద్దాలు తువ్వాలు అంచుతో తుడుచుకుని మళ్ళీ చూశాడు. విమానం ఒకటి పోయింది, కళ్ళు మూసుకోవడం మర్చిపోయాడు. చాలాసేపటికి తన గడిలో ఏదో రాసి, మడిచి, నా వైపు తోశాడు.

"తేడా లేదు" అని రాశాను.

మడత విప్పాడు. ఆయన గడిలో "నీలం దాదాపు లేదు" అని ఉంది. ఆ రెండు వాక్యాలనూ రెండు ముద్రలను చూసినట్టు పక్కపక్కన పెట్టి చూశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే చెప్పేవాడినేమో, ఇప్పుడు ఏమనుకుని ఏం లాభం. ఆయన నన్ను అనుమానించలేదు. పెన్సిలు తీసుకుని తను రాసినదాన్ని ఒక్క గీతతో కొట్టేశాడు.

డాక్టరుకు చూపించుకున్నాడు. కంట్లో పొర మొదలైంది గానీ ఇంకా చిన్నదే, కంగారేమీ లేదని డాక్టరు చెప్పాడట. సారు మాత్రం పొర అన్న ఒక్క మాటే పట్టుకున్నాడు. మసకబారే కంటికి మెత్తని రంగులు ముందు పోతాయి, గట్టి రంగులు తర్వాత పోతాయి, అందుకే తనకు రెండోది పోయి మిగతా మూడూ కనబడుతున్నాయని తనకు తానే లెక్క తేల్చుకున్నాడు. ఆ వారమే కొత్తూరు పోయి ఉద్యోగం మానేశాడు. యజమాని బతిమాలాడట, అసిస్టెంటును ఇస్తానన్నాడట. "నీలం కనబడని కంటికి లాటు పాస్ చేసే హక్కు లేదు" అని చెప్పి వచ్చానని చాయ్ తాగుతూ మా అమ్మతో అన్నాడు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఆ సాయంత్రం చెప్పేద్దామని మెట్లెక్కాను. ఏడో మెట్టు దాకా పోయాను. పైన రేడియో కూడా మోగడం లేదు. చల్లగా దిగి వచ్చేశాను.

రేకు పెట్టె మంచం కిందికి పోయింది. ఆదివారాలు మామూలు ఆదివారాలయ్యాయి. పది గంటలకు పైనుంచి కుర్చీ జరిపిన చప్పుడు వినపడుతుందేమోనని చెవులు రిక్కించేవాణ్ణి. సారులో కూడా ఏదో ఆరిపోయింది. ఒకరోజు సంతలో ఆయనను దూరం నుంచి చూశాను. ఎర్ర టార్పాలిన్ కింద నిలబడి, కూరగాయలామె తూచి ఇచ్చిన టమాటాలు అట్లాగే సంచిలో వేయించుకుంటున్నాడు. బయటికి తీయలేదు. "గిదేంది బిడ్డా, సారు గిట్ల పచ్చివి తెస్తుండు" అని అమ్మ బాధపడింది.

ఆరు నెలలకు గది ఖాళీ చేసి బడంగ్‌పేట్‌లో మేనల్లుడి ఇంటికి పోయాడు. సామాను ఆటోలోకి ఎక్కించింది నేనే. రేకు పెట్టెను ఆయన ఒళ్ళో పెట్టుకున్నాడు. నా మెడకు కప్పే తెల్ల తువ్వాలు మేకుకే మర్చిపోయాడు. మర్చిపోయాడో, వదిలేశాడో.

మళ్ళీ ఆయన్ను చూసింది ఒక్కసారే. గది వదిలి అప్పటికి ఏడాది దాటింది. పొద్దున పదిన్నరకు ప్రెస్సుకు వచ్చాడు. కంటికి ఆపరేషన్ అయిందట, నల్లద్దాలు పెట్టుకున్నాడు. ఎదురుగా ఒక వెంచర్ ఆయన ప్రూఫుల కోసం కూర్చుని ఉన్నాడు. సారు బల్ల మీద ఒక మూల ఖాళీ చేసుకుని, కవరులోంచి రెండో నంబరు బొమ్మ తీశాడు. చట్రం లేదు. మూలన చింతగింజంత నీలం అందరికీ కనబడేటట్టు ఉంది. నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"తమ్మీ, జర చూసి చెప్పు. తేడా ఉన్నదా?"

ఆ ప్రశ్న ఎంత నెమ్మదిగా అడిగాడో నాకింకా చెవుల్లో ఉంది. బతిమాలినట్టే ఉంది. పక్కన కస్టమరు ఉన్నాడని, మిషన్ నడుస్తోందని నాకు నేను చెప్పుకున్నాను. ఆ క్షణంలో ఆయన కళ్ళలోకి చూసి ఉంటే అబద్ధం చెప్పలేకపోయేవాణ్ణి, అందుకే బొమ్మనే చూస్తూ చెప్పాను. "తేడా ఏం కనబడ్తలేదు సారూ."

ఆయన బొమ్మను కింది మూలలు రెండు చేతులతో పట్టుకుని, ఎప్పటిలాగే, కవరులోకి జార్చాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"నీ కండ్లు కూడ ఒకసారి చూపించుకో. చిన్న వయసుల చూపించుకుంటెనే మంచిది" అన్నాడు. ఎగతాళి కాదు. ఆయనకు ఎగతాళి రాదు. నిజంగానే నా కళ్ళ గురించి దిగులుపడ్డట్టే అన్నాడు.

మధ్యాహ్నం తిండికి ఇంటికి పోతే అమ్మ సంబురంగా ఎదురొచ్చింది. సారు పొద్దున తొమ్మిదింటికే ఇంటికి వచ్చి పోయాడట. చాయ్ తాగాడట. బొమ్మ చూపించి మూలన ఈ గుండ్రటి మచ్చ ఏమిటని అడిగాడట.

"నేనే ఎండల పెట్టిన సారూ, చెమ్మొచ్చిందని. గాలికి పోవద్దని రాయి పెట్టిన, గా రాయి మచ్చ అది అని చెప్పిన" అంది అమ్మ. "ఎన్ని రోజులు పెట్టినవమ్మా అన్నడు. రెండొద్దులన్న. మంచి పని చేసినవన్నడు. ఎందుకు బిడ్డా, చెప్పేది లేకుండెనా?"

పళ్ళెం పక్కకు జరిపి లేచాను. అన్నీ తెలిసి, తెలిసిన తర్వాత అరగంట నడిచి, ప్రెస్సుకు వచ్చాడాయన. బొమ్మ గురించి తెలుసుకోవడానికి కాదు. రెండో కన్ను ఈసారైనా ఉన్నది ఉన్నట్టు చెప్తుందేమోనని వచ్చాడు. నాకు ఒక అవకాశం ఇవ్వడానికి వచ్చాడు. నేను దాన్ని కూడా పాడు చేశాను.

తర్వాతైనా బడంగ్‌పేట్ పోవచ్చు. ఎంత దూరం? కాలనీ పేరు తెలుసు. పండుగలయ్యాక పోదామనుకున్నాను, ఎలక్షన్ల పని అయ్యాక పోదామనుకున్నాను. ఒకసారి పాంప్లెట్లు ఇవ్వడానికి ఆ కాలనీ కమాను దాకా పోయి, ఆయన వీధి మొదట్లో బండి ఆపి, పెట్రోలు లేదని నాకు నేనే అబద్ధం చెప్పుకుని తిరిగొచ్చాను. ఆ రోజు ట్యాంకు నిండుగా ఉంది. బొమ్మ పాడైనందుకు ఆయన నన్ను ఏనాడో క్షమించి ఉంటాడు. ఏడాదిన్నర పాటు తన కళ్ళను తానే దొంగల్లా చూసుకున్నాడే, ముప్పై ఏళ్ళ పనిని తన చేత్తో వదులుకున్నాడే, దానికి ఏ మొహం పెట్టుకుని పోను?

ఇవాళ ఆదివారం. సొరుగు తాళం తీసి, కవరు ఇంటికి తెచ్చాను. పై గది ఈ నెల ఖాళీగానే ఉంది. మేకుకు తువ్వాలు అట్లాగే వేలాడుతోంది, నేనే ఎవరినీ తీయనివ్వలేదు. దులిపి మెడకు కప్పుకున్నాను. ఆయనే వేయించిన బల్ల కిటికీ కిందే ఉంది. బూడిదరంగు బట్ట లేదు కాబట్టి కాసేపు గోడను చూశాను. పది అయ్యాక కవరు విప్పాను.

వెలిసిపోయిన ఆకాశం, మూలన రాయి కింద మిగిలిన నీలం. ఒక్కటే చూస్తే కన్ను మోసపోతుందని ఆయన అనేవాడు కదా, ఇందులో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. పోల్చడానికి ఇంకో ముద్ర అక్కరలేదు. మిగతా మూడూ ఎక్కడున్నాయో నాకు తెలియదు. ఇది ఒక్కటే ఎందుకు పంపాడో మాత్రం కవరు వెనక్కి తిప్పగానే తెలిసింది.

చీటీ నిండా మా రాతలే. మధ్యలో ఆయన కొట్టేసిన వాక్యం, దాని పక్కన నా అక్షరాలతో "తేడా లేదు". దాని కింద ఇంకో తారీకు వేసి ఉంది, ఆయన ప్రెస్సుకు వచ్చిన రోజుది. మొదటి కన్ను గడిలో వణుకు లేని చేతిరాత. "నీలం ఎండకు పోయింది. అప్పుడు కన్ను మంచిగనే ఉండె." రెండో కన్ను గడి ఖాళీగా ఉంది. మడత గీత ముందే వేసి పెట్టాడు. కవరు అడుగున పెన్సిలు ముక్క కూడా ఉంది.

అమ్మ మెట్లెక్కి వచ్చి గడప దగ్గర ఆగింది. ఎర్ర చీర కట్టుకుంది. బల్ల మీద బొమ్మను చూసింది, నా గుండెల మీదికి వేలాడుతున్న తువ్వాలు చూసింది. "సారుదే కదా. ఆయన మంచిగున్నడా?" అంది. పోయాడని చెప్పాను. ఆమె అక్కడే చతికిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత మిగతాదంతా చెప్పాను. ఆమె ఎండబెట్టింది ఏమైందో, నేను ఏం రాశానో, ఆయన ఉద్యోగం ఎందుకు మానేశాడో. మొదటిసారి చెప్పడం. ఆమె నన్ను తిట్టలేదు. "నాకు చెప్తే నేను పోయి కాళ్ళు మొక్కి చెప్పకపోదునా బిడ్డా" అని మాత్రం అంది.

రివాజు ప్రకారం కాగితం మడిచి, ఆయన రాసింది కనబడకుండా చేశాను. అప్పటికే చదివేశాను, అయినా మడిచాను. ఇవాళ్టి తారీకు వేసి "తేడా ఉంది. అప్పుడూ ఉండె" అని రాశాను. నెత్తి మీంచి విమానం పోయింది. అది పోయేదాకా కళ్ళు మూసుకుని మడత విప్పాను.

రెండు గడులూ కలిశాయి. బల్ల మీద వేలి ముడితో రెండుసార్లు కొట్టాలి. నా చెయ్యి లేవలేదు.